మూడు పలుపులు: ఫోరెన్సిక్ వార్డు నుంచి ఒక కేసు

ఈ కేసులో మనిషి పేరు, ఊరు, నెలలు, బంధువుల వివరాలు కొన్ని మార్చాను. నేను చేసిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. అవి లేకపోతే ఈ కేసు రాయాల్సిన పనే లేదు.

ముందు నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు. నేను చదివింది క్రిమినాలజీ, అంటే నేరశాస్త్రం. ఫోరెన్సిక్ సైకియాట్రీలో, అంటే నేరం కేసుల్లో ఉన్న మానసిక రోగుల వైద్యంలో, పని చేస్తున్నానంటే పెళ్ళిళ్ళలో చుట్టాలు "అయితే పోస్ట్‌మార్టం చేస్తావా అమ్మా?" అని అడుగుతారు. కాదంటే కాస్త నిరాశ పడతారు. నాతో చదివినవాళ్ళలో కొందరు జైళ్ళ సంక్షేమ విభాగాల్లో చేరారు, కొందరు బ్యాంకుల్లో మోసాలు పట్టుకునే ఉద్యోగాలకు వెళ్ళారు. నేను ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఖైదీల వార్డుకి వచ్చి పడ్డాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక ఆరోగ్య నిపుణులంటే ఎవరో చెబుతుంది. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, నర్సు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అందులో కనిపిస్తారు. క్రిమినాలజిస్టు కనిపించడు. అందుకే జీతాల రిజిస్టర్‌లో నేను కాంట్రాక్టు సోషల్ వర్కర్‌ని.

కాగితం మీద లేకపోయినా పని ఉంది. సైకియాట్రిస్టు జబ్బుని చూస్తారు, లాయరు సెక్షన్‌ని చూస్తాడు. నేను చూడాల్సింది జరిగిన పనిని. ఏ గంటకి, దేని మీద, చేతిలో ఏముంది, ముందు ఏం చేశాడు, తర్వాత ఎక్కడికి వెళ్ళాడు, అలాంటి పరిస్థితి మళ్ళీ ఎక్కడ రావచ్చు. చెప్పడం తేలిక. ఈ కేసులో మొదటి నాలుగు నెలలు నేను అది తప్ప మిగతావన్నీ చేశాను.

కేసు

ఆయన్ని రాజు అందాం. ముప్ఫై దాటిన వయసు, రెండెకరాల మిర్చి రైతు. పెళ్ళయిన రెండేళ్ళకే భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. అన్నావదినల ఇంటి పక్కగదిలో ఉండేవాడు. ఒక ఫిబ్రవరి రాత్రి, ఊరంతా మిర్చి కల్లాల దగ్గర కాపలా పడుకున్న రోజుల్లో, పక్కింటాయన గడ్డివాముకి రాజు నిప్పు పెట్టాడు. మంట గొడ్ల చావిడికి అంటుకుంది. ఒక దూడ కాలిపోయింది. దాన్ని లాగబోయిన పక్కింటాయనకి రెండు చేతులూ కాలాయి. రాజు పారిపోలేదు. బోరు దగ్గర మోటారు గది మెట్టు మీద కూర్చుని ఉండగా పట్టుకున్నారు.

ఏడాదిన్నర కింద ఆ గడ్డివామునే డొంకలోకి జరిపి వేశారని రెండిళ్ళకీ గొడవైంది. దాంతో ఎఫ్ఐఆర్‌లో "పాత కక్షల కారణంగా" అన్న మాట పడింది. ఐపీసీ 435, 436 పెట్టారు. 435 పంటకి, ఆస్తికి నిప్పు పెట్టడం, గరిష్ఠంగా 7 ఏళ్ళు. 436 ఇల్లు లేదా సరుకు దాచే కట్టడానికి నిప్పు పెట్టడం, యావజ్జీవం దాకా పడొచ్చు. చావిడిలో మిర్చి బస్తాలు ఉన్నాయి కాబట్టి 436 నిలబడింది. ఈ తేడా తర్వాత మా మెడకి చుట్టుకుంది.

రిమాండ్ రెండో వాయిదాలో రాజు గోడకి చెవి ఆనించి మాట్లాడుతుంటే మేజిస్ట్రేట్ గమనించి పరీక్షకి పంపారు. స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించే తీవ్రమైన మానసిక జబ్బు, అని తేలింది. తన వాదన తాను చెప్పుకునే స్థితిలో లేడని డాక్టర్లు రాశారు, కేసు ఆగింది. ఇక్కడ నేను వాడే సెక్షన్లన్నీ పాతవి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ 84 (మతిస్థిమితం లేక చేసింది నేరం కాదనేది) భారతీయ న్యాయ సంహితలో 22 అయింది, సీఆర్‌పీసీ 330, 335 (అలాంటి నిందితుల విడుదల, నిర్దోషిగా తేలాక ఏం చేయాలన్నది) నాగరిక్ సురక్షా సంహితలో 369, 374 అయ్యాయి. నంబర్లు మారాయి గానీ వార్డులో మాకు రోజూ ఎదురయ్యే చిక్కులు అవే.

నా దగ్గరికి వచ్చిన ప్రశ్న

ఫైలు నా టేబుల్ మీదకి వచ్చేసరికి రాజుకి నాలుగో ఏడు నడుస్తోంది. వార్డు, జైలు, వార్డు, జైలు, వార్డు, జైలు, మళ్ళీ వార్డు. మందులతో నెమ్మదించగానే కోర్టు అడుగుతుంది, ఆస్పత్రి "ఫిట్" అని రాస్తుంది, ఏఆర్ (సాయుధ రిజర్వు) పోలీసులు వచ్చి జైలుకి తీసుకెళ్తారు. రెండు మూడు నెలల్లో నిద్ర పట్టడం మానేస్తుంది, మాటలు వినిపిస్తాయి, "అన్‌ఫిట్" అవుతాడు, వెనక్కి వస్తాడు. ఈలోగా విచారణ ఒక్క సాక్షి దాకా కూడా వెళ్ళదు. గానుగెద్దు కూడా తిరిగినంతసేపూ కాస్త నూనె తీస్తుంది, ఇక్కడ అదీ లేదు.

నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న: "బెయిల్ మీద బయటికి పంపితే మళ్ళీ నిప్పు పెడతాడా?"

ఈ ప్రశ్నకి భయపడి "చెప్పలేం" అని రాస్తే ఏమవుతుందో మా రంగంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే ఆయన్ని 1951లో అరెస్టు చేశారు. విచారణ జరగకుండానే మానసిక వైద్యశాల, జైలు కలిపి 54 ఏళ్ళు లోపల ఉండి 2005లో బయటికి వచ్చారు. ఆయన మీద ఎవరికో పగ ఉండి కాదు, ఫైలు తెరిచే పని ఎవరిదో తేలక. నేను రాజు ఫైలు తెరిచినప్పుడల్లా ఆ అంకె గుర్తొచ్చేది.

మొదటి ప్రయత్నం: మార్కులు వేశాను

హింస జరిగే ప్రమాదాన్ని అంచనా వేయడానికి హెచ్‌సీఆర్-20 అనే పద్ధతి ఉంది. ఇరవై అంశాలు: పది గతానికి, ఐదు ఇప్పటి మానసిక స్థితికి, ఐదు రాబోయే పరిస్థితులకి సంబంధించినవి. నేను పాత పద్ధతిలో ఒక్కోదానికి అంకె వేసి, అన్నీ కూడి, ఫైల్లో ఒక సంఖ్య రాసి పెట్టాను. రాయగానే అది పరీక్ష ఫలితంలా తయారైంది. బెయిల్ పిటిషన్ వేసిన రోజు ప్రాసిక్యూటర్ గారు ఆ సంఖ్యే చదివారు. నలభైకి ఇన్ని వచ్చాయంటే సగానికి పైనే కదా అన్నారు. నిజానికి ఆ పద్ధతి తయారుచేసింది కూడికల కోసం కాదు. 2013లో వచ్చిన మూడో రూపంలో అంకెలే తీసేసి ఉంది, లేదు, కొంత ఉంది అని రాయమన్నారు. అది నాకు తెలుసు. తెలిసి కూడా సంఖ్య రాశాను, ఎందుకంటే సంఖ్య రాస్తే మనం ఏదో శాస్త్రీయంగా చేసినట్టు కనిపిస్తుంది.

ఇంకో పొరపాటు, ఇంకా పెద్దది. చివరి ఐదు అంశాలు మనిషి ఎక్కడ ఉండబోతున్నాడో దాన్ని బట్టి నింపాలి. ఇల్లెక్కడ, తోడెవరు, మందు ఎవరిస్తారు, ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది. నేను వాటిని వార్డులో కూర్చుని, అతను ఎలాగూ సొంత ఊరికే వెళ్తాడనుకుని నింపేశాను. ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ప్రమాదం ఎక్కువని రాక ఏం వస్తుంది?

రెండో ప్రయత్నం: జైల్లో మందు

మూడుసార్లూ జైలుకి వెళ్ళాకే జబ్బు తిరగబెట్టింది కాబట్టి జైల్లో మందు ఇవ్వడం లేదని మేమంతా నమ్మాం. మందులు ఆపొద్దని ఘాటుగా ఉత్తరాలు రాశాం. "ఇస్తున్నాం" అని జవాబు వచ్చింది. నమ్మలేదు.

చివరికి అనుమతి తీసుకుని జైలుకి వెళ్ళి, అతని బ్యారక్‌లో ఉన్న ఒక పెద్దాయనతో మాట్లాడాను. "మాత్ర ఇచ్చేవారమ్మా. మొదట్లో మింగేవాడు. నాలుగు రోజులకి మెడ పట్టేసి, చొంగ కారేది, కర్రలా నడిచేవాడు. అన్నం ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేకపోయేవాడు. దాంతో మాత్ర చెంపలో పెట్టుకుని తూములో ఉమ్మేసేవాడు" అన్నాడు.

మేము ఇచ్చేవి రెండు మందులు. ఒకటి రిస్పెరిడోన్, జబ్బుకి. రెండోది ట్రైహెక్సీఫెనిడిల్, మొదటి మందు వల్ల వచ్చే బిగుసుకుపోవడాన్ని తగ్గించడానికి. ఈ రెండో మాత్రని మత్తు కోసం వాడేవాళ్ళున్నారు. లోపల చేతులు మారుతుందన్న భయంతో జైలువాళ్ళు దాన్ని ఆపేశారు. వాళ్ళ భయం అబద్ధం కాదు. మేమూ అబద్ధం చెప్పలేదు, వాళ్ళూ చెప్పలేదు. మధ్యలో రాజు మెడ బిగుసుకుపోయింది, అంతే.

మా సైకియాట్రిస్టు గారికి చెప్తే ఆ సాయంత్రమే ఆలోచించి, మెల్లగా ఓలాంజపైన్‌కి మార్చారు. రాత్రి ఒక్క మాత్ర, రెండోది అక్కర్లేదు. బరువు పెరిగాడు, షుగర్ పరీక్షలు చేయిస్తూ ఉండాల్సి వచ్చింది, కానీ మాత్ర ఉమ్మేయడం మానేశాడు. నాలుగేళ్ళ చక్రంలో ఒక ఆకు విరిగింది. ఆ పెద్దాయన చెప్పిన ఇంకో సంగతి అప్పుడు పుస్తకంలో రాసుకున్నాను గానీ దాని విలువ తెలియలేదు: నిద్ర పట్టని రాత్రుళ్ళు రాజు తన తువ్వాలు చింపి బ్యారక్ తూముని కూరేవాడట. ఎవర్నీ ఒక్క మాట అనేవాడు కాదట.

మూడో ప్రయత్నం: సర్టిఫికెట్

సీఆర్‌పీసీ 330లో ఒక దారి ఉంది. నిందితుడు వాదన చెప్పుకోలేని స్థితిలో ఉండి, ఆస్పత్రిలో ఉంచి వైద్యం చేయాల్సిన అవసరం లేకపోతే, బంధువో స్నేహితుడో పూచీ పడితే, ఎలాంటి కేసైనా సరే కోర్టు విడుదల చేయాలి. కానీ రాజు ఇప్పుడు కోలుకున్నాడు. "ఫిట్" అని రాస్తే ఈ దారి మూసుకుపోతుంది, మామూలు బెయిల్ అడగాలి, యావజ్జీవం పడే సెక్షన్ అడ్డం వస్తుంది. గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపినవాళ్ళకి సీఆర్‌పీసీ 436ఏ కింద బెయిల్ ఉంది. 435 ఒక్కటే అయితే మూడున్నరేళ్ళు ఎప్పుడో దాటాయి. ఐపీసీ 436 ఉంది కాబట్టి ఆ పిటిషన్ పోయింది. ఐపీసీ 436, సీఆర్‌పీసీ 436ఏ, ఒకటి తలుపు వేస్తే ఇంకోటి తీయలేకపోయింది. ఆ రెండు నంబర్లనీ కలిపేసి మాట్లాడినవాళ్ళని కోర్టు వరండాలో నేనే ముగ్గుర్ని చూశాను.

అంటే జబ్బుగా ఉంటే ఇంటికి దారి ఉంది గానీ పంపగలిగే స్థితిలో ఉండడు. బాగుంటే పంపగలం గానీ దారి లేదు. నేను సైకియాట్రిస్టు గారి దగ్గరికి వెళ్ళి, ఇంకొక్కసారి "అన్‌ఫిట్, కానీ ఓపీలో చూస్తే చాలు" అని రాయమని అడిగాను. మనిషి బయటపడతాడు కదా అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "జడ్జిగారెవరో తెలుసు, తన మీద కేసేమిటో తెలుసు, లాయరుకి చెప్పుకోగలడు. తెలియదని నేనెలా రాస్తాను? ఇవాళ మంచికే అబద్ధం రాస్తే, రేపు నిజంగా తెలియనివాడి కోసం నేను పెట్టే సంతకానికి విలువేముంటుంది?"

అప్పుడు కోపం వచ్చింది. ఆయన అన్నదే సరైనదని ఒప్పుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. ఎందుకో తీర్పు దగ్గర చెప్తాను.

నాలుగో ప్రయత్నం: అన్నకి నోటీసు

మామూలు బెయిలైనా పూచీదారులు కావాలి. అన్న రెండు ముక్కల్లో తేల్చేశాడు: "తీసుకెళ్ళను, మళ్ళీ ఫోన్ చేయకండి."

క్రిమినాలజీ చదివినవాళ్ళకి ఒక పాడు అలవాటు. ఎవరికి లాభం అని మొదట అడుగుతాం. ప్రభుత్వ భూమి రికార్డుల సైటు మీభూమిలో అడంగల్ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో చూపే రికార్డు) తీసి చూశాను. రాజు రెండెకరాల ఎదురుగా అనుభవదారు కాలమ్‌లో అన్న పేరు. నాకు ఇంకేం కావాలి? కథ మొత్తం అల్లేసుకున్నాను. తమ్ముడు లోపల ఉన్నంతకాలం పొలం అన్నది, అందుకే రానివ్వడు. న్యాయ సేవాధికార సంస్థ లాయరుతో మాట్లాడి నోటీసు పంపించాను. మర్యాదగానే రాశాం, కానీ నోటీసు నోటీసే. పోస్ట్‌మ్యాన్ దాన్ని ఇచ్చింది ఊరి రచ్చబండ దగ్గర, నలుగురి ముందు.

వారం తర్వాత అన్న ఆస్పత్రికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చొక్కా లోపలి నుంచి ఒక బ్యాంకు పుస్తకం తీసి నా ముందు పడేశాడు. రాజు పేరు మీద ఖాతా. ప్రతి మే నెలలో ఒక జమ. పొలం కౌలుకి ఇచ్చి, వచ్చిన డబ్బు పైసా ముట్టకుండా వేస్తున్నాడు.

"దూడ ఖరీదు నేను కట్టాను. చావిడి కప్పు నేను వేయించాను. పెద్దమనుషుల్లో నిలబడి, మా తమ్ముడు ఈ ఊళ్ళో అడుగు పెట్టడని మాటిచ్చాను మేడమ్. ఆ మాట మీద మా పిల్లలు ఆ బజార్లో తిరుగుతున్నారు. మీరు నన్ను దొంగని చేశారు."

నా దగ్గర జవాబు లేదు. ఎందుకు తీసుకెళ్ళనంటున్నావని ఫోన్‌లో ఒక్కసారి నెమ్మదిగా అడిగి ఉంటే చెప్పేవాడేమో. అడంగల్ చూశాక అడగాలనిపించలేదు.

పంచనామా

అన్నీ అయ్యాక, చేయడానికి ఏమీ మిగలక, చార్జిషీటు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. నాలుగు నెలలుగా నా టేబుల్ మీదే ఉంది. ఎఫ్ఐఆర్, రిమాండ్ రిపోర్టు, మెడికల్ కాగితాలు చదివాను గానీ, ఘటనా స్థలం పంచనామా చదవలేదు. చేతిరాత అర్థం కాదని వదిలేశాను.

అందులో ఆరో పేజీలో ఇలా ఉంది: చావిడిలో నాలుగు గుంజలు. తూర్పు వైపు మూడు గుంజలకు పలుపులు ఉన్నవి, అవి కోసినవి కావు, కాలినవి కావు, ముడి విప్పి ఉన్నవి. పడమర వైపు, వాము పక్కన, నాలుగో గుంజ దగ్గర దూడ కళేబరం.

రాసిన కానిస్టేబులెవరో గానీ ఆ మనిషికి దండం పెట్టాలి. మూడు ముడులు విప్పి ఉన్నాయని చూశాడు, చూసింది రాశాడు. ఆ తర్వాత చార్జిషీటులో ఎక్కడా ఆ మాట లేదు.

వార్డుకి వెళ్ళి రాజుని అడిగాను. అప్పటికి మందు కుదిరి ఏడు వారాలైంది. "గొడ్లని విప్పింది ఎవరు?" చాలాసేపు గోరు గిల్లుకుంటూ కూర్చున్నాడు. "నేనే. గొడ్లేం చేశాయి? మాటలు వాములోంచి వచ్చేవి. దూడ అటు పక్కన ఉందని చూడలేదు." మళ్ళీ ఆగి, "చీకటి మేడమ్" అన్నాడు.

ఇక్కడ ఆలోచించాల్సింది రెండు వైపులా ఉంది. ఐపీసీ 84 ప్రకారం మతిస్థిమితం లేక, చేసే పని స్వభావం తెలియకపోయినా, అది తప్పని లేదా చట్టవిరుద్ధమని తెలియకపోయినా నేరం కాదు. గొడ్లని విప్పాడంటే నిప్పు ఏం చేస్తుందో తెలుసనే. మొదటి సగం మనకి పోయింది. లాయరు ఇది విని ఆ పేజీ జోలికి వెళ్ళొద్దన్నాడు. కానీ పాత కక్ష అనే కథ కూడా ఆ మూడు ముడులతోనే విడిపోతుంది. పక్కింటాయన మీద పగే ఉంటే, ఆ ఇంట్లో అన్నిటికంటే విలువైనవి ఆ గేదెలు. చీకట్లో, ఒక్కొక్క ముడీ విప్పుతూ నిలబడడు. అతను కాల్చాలనుకున్నది మాటలు వచ్చే చోటుని.

అప్పుడు తూము గుర్తొచ్చింది. జైల్లో తువ్వాలు చింపి కూరడం, ఊళ్ళో వాము కాల్చడం ఒకే పని. వార్డు కేస్ షీట్లు వెనక్కి తిరగేశాను. జబ్బు తిరగబెట్టి వచ్చిన ప్రతిసారీ మొదటి వారంలో నర్సులు రాసిన నోట్స్‌లో ఉంది: కిటికీ సందులో దిండు గలీబు దూర్చాడు, వాష్‌బేసిన్ గొట్టంలో దూది పెట్టాడు. మనిషి మీద చెయ్యి చేసుకున్నట్టు ఒక్క మాటా లేదు. నాలుగేళ్ళలో అందరూ రాశారు, కలిపి ఎవరూ చదవలేదు, నాతో సహా.

హెచ్‌సీఆర్ మళ్ళీ రాశాను, ఈసారి సంఖ్య లేకుండా. చివరి ఐదు అంశాలూ మూడుసార్లు నింపాను: వార్డులో ఉంటే, సొంత ఊళ్ళో ఉంటే, వేరే ఊళ్ళో తోడుతో ఉంటే. ఒకే మనిషికి మూడు వేర్వేరు జవాబులు వచ్చాయి. అడిగిన ప్రశ్నకి జవాబు కూడా మారింది. మళ్ళీ నిప్పు పెడతాడా అంటే, వరసగా మూడు నాలుగు రాత్రులు నిద్ర లేకుండా ఉండి, కన్నాలు మూయడం మొదలుపెట్టి, అయినా ఎవరూ పట్టించుకోకపోతే పెట్టొచ్చు. అంటే మనకి కొన్ని రోజుల ముందే తెలుస్తుంది.

పక్కింటాయన, అక్క

బాధితుడిని కలవాలని నాకు ఉద్యోగం చెప్పలేదు. కలవొద్దనీ చెప్పలేదు. రాజు అనుమతి తీసుకున్నాను. జబ్బు గురించి ఒక్క ముక్క చెప్పకూడదని, చార్జిషీటులో ఉన్నది తప్ప మాట్లాడకూడదని ముందే గీత గీసుకుని వెళ్ళాను. చట్టం ప్రకారం రోగి వివరాలు రోగివే.

ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతుల మీదా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. నాలుగున్నరేళ్ళలో ఈ కేసు గురించి తనతో మాట్లాడటానికి వచ్చినదాన్ని నేనే అన్నాడు. రాజు లోపల ఉన్నాడో, బయట ఉన్నాడో కూడా తెలియదట. రాత్రి కుక్క అరిస్తే లేచి చావిడి చుట్టూ తిరిగి వచ్చి పడుకుంటాడట.

పంచనామా పేజీ చదివి వినిపించాను.

"మా గేదెల్ని విప్పింది వాడా?" లోపలికి చూసి కేకేశాడు. "ఒరే, ఆ రాత్రి గొడ్లని విప్పింది నువ్వు కాదురా?" లోపలి నుంచి కొడుకు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "నేను వచ్చేసరికే డొంకలో ఉన్నాయి నాన్నా. నువ్వు విప్పావనుకున్నా."

పెద్దాయన తన చేతుల వైపు కాసేపు చూసుకున్నాడు. క్షమించాననలేదు, నేనూ అడగలేదు. "వాడు ఈ బజారుకి రాకూడదు. ఇంకెక్కడైనా బతకనివ్వండి. కోర్టులో అడిగితే అదే చెప్తాను" అన్నాడు. చెప్పాడు కూడా.

లేస్తుంటే, "వాళ్ళ అక్కని అడిగారా?" అన్నాడు ఆయనే. మా ఫైల్లో అక్క లేదు. కేస్ షీట్‌లో కుటుంబం అన్న గడిలో అన్న పేరు, ఫోన్ నంబర్ రాసి ఆపేశారు. ఆమె నలభై కిలోమీటర్ల దూరంలో ఇంకో మండలంలో ఉంటుంది.

ఆమె మొదటి మాటే, "వాణ్ణి చూడనిస్తారా మేడమ్? రెండుసార్లు వచ్చాను, ఆర్డరు కావాలన్నారు." బావగారు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంది, నలుగురూ ఏమంటారోనని ఆయన భయం. రెండోసారి వెళ్ళినప్పుడు ఆయనే బేరం పెట్టాడు. "పంచలో మంచం వేస్తాను. మాత్ర మా ఆవిడ తన చేత్తో ఇస్తుంది. కానీ తేడా వస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి నంబర్ కావాలి. ఆస్పత్రి నంబర్ కాదు, అది ఎవరూ ఎత్తరు." నా సొంత నంబర్ ఇచ్చాను. కాంట్రాక్టు ఉద్యోగి సొంత నంబర్ మీద ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడటం పద్ధతి కాదని తెలుసు. వేరే పద్ధతి అప్పటికి లేదు.

ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను: రెండు రాత్రులు నిద్రపోకపోతే ఫోన్. ఏ కన్నమైనా గుడ్డతో మూస్తే ఆ రోజే ఫోన్.

అక్క ట్రంకు పెట్టెలోంచి తమ్ముడి పాత బట్టలు తీసి చూపిస్తుంటే ఒక మడత కాగితం కింద పడింది. పట్నంలో సైకియాట్రిస్టు చీటీ. నిప్పుకి పదకొండు వారాల ముందు తేదీ. నిద్ర లేదు, పక్క నుంచి మాటలు వినిపిస్తున్నాయంటున్నాడు అని రాసి ఉంది. దర్గాకి తీసుకెళ్ళాక తగ్గకపోతే ఆమే తీసుకెళ్ళిందట. నెల మందులు వాడాక మిర్చి కోతలు వచ్చి మానేశాడు.

"ఇది పనికొస్తుందా?" అంది.

బెయిల్, విచారణ, 335

సెషన్స్ కోర్టు మామూలు బెయిలే ఇచ్చింది. అక్కాబావా పూచీ, సొంత మండలంలోకి వెళ్ళకూడదు, నెలనెలా ఏరియా ఆస్పత్రి మందుల చీటీ దాఖలు చేయాలి. ఆ చీటీల షరతు మేమే అడిగాం. చాలామందికి అది భారంలా కనిపిస్తుంది. మా లెక్క వేరు: రేపు కోర్టు ఇతన్ని బయట ఉంచొచ్చా అని అడిగినప్పుడు మా అభిప్రాయం కంటే ఆ చీటీల కట్ట బరువెక్కువ.

విచారణ నడిచింది. నిందితుడు తన మతి సరిగ్గా లేదని సందేహానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు, సంభావ్యత చూపితే చాలని, ముందూ వెనకా ప్రవర్తన కూడా చూడాలని 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందుకి అక్క చీటీ, వెనక్కి వార్డు నోట్స్ నిలబడ్డాయి. మా సైకియాట్రిస్టు గారిని ప్రాసిక్యూటర్ గట్టిగానే అడిగారు: ఇతను ఫిట్ అని మీరే మూడుసార్లు రాశారు కదా? "రాశాను. బాగున్నప్పుడు బాగున్నాడని, బాగోలేనప్పుడు లేడని రాశాను" అన్నారాయన. ఆ రోజు ఆయన నా మాట విని అబద్ధం ఒకటి రాసి ఉంటే ఈ వాక్యం చెప్పే వీలుండేది కాదు. విచారణకి ఇప్పుడు తగునా అన్నది ఒక ప్రశ్న, ఆ రాత్రి ఎలా ఉన్నాడన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిపేయడం నేను చేయబోయిన తప్పు.

పలుపుల సంగతి లాయరు వద్దన్నా ప్రాసిక్యూషనే ఎత్తింది, తెలిసే చేశాడనడానికి. జడ్జిగారు దాన్ని రెండో సగం వైపు నుంచి చూశారు: ఏం చేస్తున్నాడో తెలుసు, కానీ మాటలొచ్చే చోటుని కాల్చడం తప్పని తెలుసుకోగల స్థితిలో లేడు. 84 వర్తించింది. చట్టప్రకారం తీర్పులో రెండు మాటలూ రాయాలి, పని చేశాడని, అది నేరం కాదని.

బయటివాళ్ళు ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. మతిస్థిమితం కారణంగా నిర్దోషి అయినవాణ్ణి 335 కింద కోర్టు మళ్ళీ కస్టడీకి పంపొచ్చు, లేదా పూచీ మీద బంధువులకి అప్పగించొచ్చు. నిర్దోషిగా తేలి తిరిగి మా వార్డుకే వచ్చి ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళు నాకు తెలుసు. ఆ రోజు మా దగ్గర 19 నెలల చీటీలున్నాయి, ఒక్క నెల కూడా తప్పలేదు. అక్క వాటిని బట్టల షాపు కవర్లో తెచ్చింది. జడ్జిగారు ఒక్కొక్కటే తిప్పి చూసి, ఆమెకే అప్పగించారు.

తర్వాత

ఇప్పుడు వార్డుకి ఇంటర్న్‌లు వస్తే మొదటి వారం రోగిని కలవనివ్వను. పంచనామా చేతిలో పెట్టి, చదివి బొమ్మ గీయమంటాను. కుటుంబం అన్న గడిలో ఒక్క పేరుంటే ఫైలు తిప్పి పంపుతాను. అడంగల్ చూసే అలవాటు నాకు పోలేదు, కానీ చూసినదాన్ని నోటీసుగా మార్చే ముందు ఆ మనిషికి ఫోన్ చేస్తాను. బాధితులతో ఎవరు మాట్లాడాలో మా వ్యవస్థలో ఇంకా ఎవరూ రాయలేదు. నేను నా సొంత సెలవు పెట్టి వెళ్తున్నాను.

రాజు అక్క ఊళ్ళోనే ఉన్నాడు. తీర్పు తర్వాత ఒక్కసారి ఫోన్ వచ్చింది. వానకి మూడు రాత్రులు నిద్ర లేదు, ఎలుక కన్నాలు మూస్తున్నాడని. పరిగెత్తుకు వెళ్ళాం. తీరా చూస్తే నిజంగానే ఎలుకలు. డాక్టర్ గారు చూసి మాత్ర మార్చకుండా పంపేశారు. ఫోన్ చేసినందుకు అక్క సిగ్గుపడింది, మేము మాత్రం బాగా చేశావన్నాం.

ప్రతి మే నెలలో అన్న వస్తాడట. కౌలు డబ్బు బ్యాంకులో వేసి, ఆ కాగితం తమ్ముడి చేతిలో పెట్టి, భోజనం చేసి వెళ్తాడట. నోటీసు సంగతి చెప్పి క్షమించమని అడగాలని రెండుసార్లు ఫోన్ చేశాను. ఒకసారి ఎత్తి, నా గొంతు గుర్తుపట్టి పెట్టేశాడు. రెండోసారి ఎత్తలేదు.